ఆర్‌వీలో మా పగ్ కోసం టెంపరేచర్ అలారం: నా అనుభవం

మా బుజ్జిగాడికి తొమ్మిదేళ్లు. పగ్ జాతి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, ముఖ్యంగా నాలుక బయటపెట్టి రొప్పడం వల్లే ఒంట్లో వేడి దిగుతుంది. మూతి అణిగి ఉండే పగ్‌లకు ఆ రొప్పడం కూడా సరిగా సాగదు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసి కూడా రెండేళ్ల క్రితం జూలైలో వాణ్ని ఆర్‌వీలో, అంటే చక్రాల మీద నడిచే చిన్న ఇంట్లో, ఒంటరిగా వదిలి వెళ్లాను.

మేం డాలస్ దగ్గర ఉంటాం. మా ఆర్‌వీ 24 అడుగుల ట్రెయిలర్, సెలవులకు పికప్ వెనక తగిలించుకుని వెళ్తాం. ఆ రోజు పశ్చిమ టెక్సస్‌లో ఆర్‌వీలు నిలిపే ఒక పార్కులో దిగాం. ఏసీ వేసి, గిన్నెలో నీళ్లు పోసి, బుజ్జిగాణ్ని లోపల ఉంచి రెండు గంటలు బయట తిరిగొచ్చాం. తలుపు తీయగానే పొయ్యి మూత తీసినట్టు వేడి ముఖానికి కొట్టింది. ఏసీ ఆగిపోయి ఉంది. గోడ మీద 97 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 36 సెల్సియస్. వాడు బాత్రూమ్ నేల మీద కాళ్లు చాపి పడుకుని, కళ్లు మాత్రం మా వైపు తిప్పాడు. నీళ్లతో తడిపి, ట్రక్కులో ఏసీ ముందు కూర్చోబెట్టుకుని వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. బతికాడు. "ఇంకాసేపైతే చెప్పలేకపోయేదాన్ని" అన్నారావిడ.

కారణం చిన్నది. మా ట్రెయిలర్‌కు 30 ఆంప్స్ కనెక్షన్, 120 వోల్టుల మీద మొత్తం 3,600 వాట్లు. ఏసీ ఒక్కటే పన్నెండు, పదమూడు ఆంప్స్ లాగుతుంది. నీళ్ల హీటరు కరెంటు మీద పెట్టి మరిచాం, దానికి ఇంకో పన్నెండు. పైన ఫ్రిజ్, బ్యాటరీ చార్జర్. మా ట్రెయిలర్‌కు కరెంటు ఇచ్చే పార్కు స్తంభం ఎండలో కాలుతోంది, అందులో బ్రేకర్ (ఎక్కువ కరెంటు లాగితే ఆపేసే స్విచ్) పడిపోయింది. బ్రేకర్ వేడెక్కినకొద్దీ రాసిన ఆంప్స్ కంటే ముందే పడుతుంది.

నేను పల్నాడులో పుట్టాను, రెంటచింతల ఎండలు చూసినవాణ్ని. మా ఊరి ఇళ్లకు మందపాటి గోడలుంటాయి, పక్కన వేపచెట్టు నీడ ఉంటుంది. ట్రెయిలర్ గోడ రెండంగుళాల మందం కూడా ఉండదు. కరెంటు పోతే అందులో ఇంకేమీ కాపాడదు.

లోపల వేడెక్కితే మన ఫోన్‌కు చెప్పే అలారాలు నెలవారీ చందాతో బజార్లో దొరుకుతాయి. ఎలక్ట్రానిక్స్‌తో అలవాటు లేనివాళ్లు అదే కొనుక్కోండి, మంచి పని. నాకు మాత్రం లోపల ఏం జరుగుతోందో ప్రతి తీగా తెలిసి ఉండాలనిపించింది, అందుకే సొంతంగా తయారు చేసుకున్నాను.

మొదట చేసిన తప్పు ఫోన్ నెట్‌వర్క్ మీద కబురు పంపే మాడ్యూల్ దగ్గరే. ఇండియాలో చాలామంది వాడే సిమ్800ఎల్ చవగ్గా దొరికిందని తెప్పించాను. వారం రోజులు నెట్‌వర్క్ పట్టలేదు. యాంటెనా మార్చాను, సిమ్ మార్చాను. తర్వాత తెలిసింది, అది 2జీ మాత్రమే. నా సిమ్ ఏటీ అండ్ టీది, వాళ్లు 2జీని 2017 మొదట్లోనే ఆపేశారు, 3జీని 2022 ఫిబ్రవరిలో. ఎల్‌టీఈ (4జీ) మీద నడిచే సిమ్7600 మాడ్యూల్ కావాలి, అందులోనూ ఉత్తర అమెరికాకు పనికొచ్చే రకం. ఈ ఒక్కదానికే అరవై డాలర్లు దాటింది. మిగతావన్నీ కలిపి మొత్తం 120 అయింది.

దీనికి మెదడు ఈఎస్‌పీ32 బోర్డు, ప్రోగ్రామ్ నడిపే చిన్న కంప్యూటర్ లాంటిది. వేడి కొలవడానికి ముందు డీహెచ్‌టీ22 సెన్సార్‌ను బోర్డున్న పెట్టెలోనే పెట్టాను. బోర్డు వేడికి అది నాలుగైదు డిగ్రీలు ఎక్కువ చూపించింది. అప్పుడు పొడుగు తీగ ఉండే డీఎస్18బీ20 సెన్సార్లు రెండు తీసుకున్నాను, 4.7 కిలో ఓమ్స్ రెసిస్టర్‌తో. ఐసు ముక్కలు కలిపిన నీళ్లలో ముంచితే రెండూ 32 ఫారెన్‌హీట్ దగ్గర నిలబడ్డాయి. ఒకటి బుజ్జిగాడి పరుపు పక్కన, వాడి ఎత్తులో. రెండోది వంటగట్టు కింద. ఏసీ గాలి తగిలే చోట గానీ కిటికీ ఎండ పడే చోట గానీ పెట్టలేదు.

కరెంటు ఎక్కణ్ణించి? పవర్ బ్యాంకు తగిలిస్తే, ఆ ఎల్‌టీఈ మాడ్యూల్ నిద్రలో ఉన్నప్పుడు లాగే కరెంటు మరీ తక్కువని అది తనంతట తనే ఆగిపోయింది. చివరికి ట్రెయిలర్‌కు ఉన్న 12 వోల్టుల బ్యాటరీ నుంచి ఫ్యూజు వేసి, 5 వోల్టులకు దించే చిన్న కన్వర్టర్ పెట్టాను. స్తంభం దగ్గర కరెంటు పోయినా ఈ బ్యాటరీ ఉంటుంది.

అన్నీ కుదిరాయనుకుని మా ఆవిడకు చూపించాను. తను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పని చేస్తుంది. కాసేపు చూసి, "ఏమండీ, ఇది మోగలేదంటే లోపల చల్లగా ఉన్నట్టా, లేక ఇదే చచ్చిపోయినట్టా? మనకెలా తెలుస్తుంది?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సిగ్నల్ పోయినా, ఫ్యూజు కాలినా, ప్రోగ్రామ్ ఇరుక్కున్నా నా ఫోన్ నిశ్శబ్దంగానే ఉంటుంది. ఆ నిశ్శబ్దాన్ని చూసి నేను ధైర్యంగా షాపింగ్ చేస్తుంటాను. జూలైలో జరిగింది కూడా అదే కదా, ఏసీ నడుస్తూనే ఉందనుకున్న ధైర్యం.

అందుకని మొత్తం తిరగేశాను. పెట్టె అలారం కొట్టడం కాదు, ప్రతి ఐదు నిమిషాలకూ "బాగున్నాను, 76 డిగ్రీలు" అని బయట ఉన్న సర్వర్‌కు కబురు పంపాలి. పది నిమిషాలు కబురు రాకపోతే సర్వరే మా ఇద్దరికీ ఫోన్ చేస్తుంది. మెసేజ్ కాదు, కాల్. ఫోన్ సైలెంట్‌లో ఉన్నా ఆ నంబర్ ఒక్కటీ మోగేలా పెట్టుకున్నాం.

ఇంకొకటి కూడా కలిపాను, అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడిందీ అదే. ట్రెయిలర్ ప్లగ్గులో మామూలు ఫోన్ చార్జర్ ఒకటి పెట్టి, దాని 5 వోల్టులను 10, 20 కిలో ఓమ్స్ రెసిస్టర్లతో 3.3కు దించి బోర్డుకు ఇచ్చాను. ఆ వోల్టేజి పోయిందంటే బయటి కరెంటు పోయినట్టే. గది వేడెక్కే దాకా ఆగనక్కర్లేదు.

తర్వాత మా ఆవిడ దాన్ని పాడుచేసే పనిలో పడింది. బుజ్జిగాడు ఇంట్లో చల్లగా పడుకున్నాడు, ట్రెయిలర్ డ్రైవ్‌వేలో ఎండలో ఉంది. కరెంటు తీసేస్తే నిమిషంలోపే కాల్ వచ్చింది. లోపల 76 నుంచి, వేడికి అలారం మోగేలా పెట్టిన 80కి చేరడానికి పదకొండు నిమిషాలు పట్టింది. నలభై నిమిషాలకు 88. అంటే వేడి మీదే ఆధారపడి ఉంటే పది నిమిషాలు పోగొట్టుకునేవాళ్లం.

యాంటెనా పీకితే పది నిమిషాలకు కాల్ వచ్చింది. సెన్సార్ తీగ పీకితే ఏమీ రాలేదు. చూస్తే, సెన్సార్‌ను చదవడానికి నేను వాడిన రెడీమేడ్ కోడ్ (లైబ్రరీ) తెగిన సెన్సార్‌కు మైనస్ 127 సెల్సియస్ అని చూపిస్తుంది. నా ప్రోగ్రామ్ దాన్ని "80 కన్నా తక్కువే కదా" అని లెక్క వేసుకుని, బాగున్నానని కబురు పంపుతూనే ఉంది. అది చూసి నా ఒళ్లు చల్లబడింది. దానికి ఎదురుగా మరో రాత్రి రెండింటికి ఫోన్ మోగి 185 డిగ్రీలంది. తీగ వదులై సెన్సార్ ఆగి మళ్లీ మొదలైనప్పుడు కొలవకముందు చూపించే అంకె అది, 85 సెల్సియస్. ఇప్పుడు నమ్మలేని అంకె ఏదొచ్చినా, రెండు సెన్సార్ల మధ్య ఆరు డిగ్రీలు దాటి తేడా వచ్చినా, దాన్ని చెడిపోయినట్టుగానే లెక్కగట్టి ఫోన్ చేస్తుంది. ఆ మధ్య ఒకసారి ఉత్తుత్తినే మోగింది, సినిమా మధ్యలో లేచొచ్చాం. నాకేం బాధ లేదు.

మేం పెట్టుకున్న కట్టుబాట్లు కూడా చెప్పాలి. బయట 85 దాటితే ఇరవై నిమిషాల దూరం దాటి వెళ్లం. బయల్దేరేముందు నీళ్ల హీటరు ఆపుతాం. పక్క ట్రెయిలర్ వాళ్లకు పరిచయం చేసుకుని, తలుపు కోడ్, మా ఫోన్ నంబరు ఇచ్చి వెళ్తాం.

గత సెప్టెంబరులో న్యూమెక్సికోలో కిరాణా కొట్టులో ఉండగా నిజంగా కాల్ వచ్చింది, బయటి కరెంటు పోయిందని. బుట్ట అక్కడే వదిలేసి పరుగెత్తాం. పన్నెండు నిమిషాల్లో తలుపు దగ్గరున్నాం. పార్కు మొత్తానికి కరెంటు లేదు. లోపల 79. బుజ్జిగాడు తోక ఊపుతూ లేచొచ్చాడు. మా ఆవిడ వాణ్ని ఎత్తుకుని మెట్ల మీద కూర్చుని ఏడ్చేసింది.

రెండు రోజుల తర్వాత కార్ల్స్‌బాడ్ గుహలకు వెళ్లాం. గుహలోకి కుక్కల్ని రానివ్వరు. లోపలికి లిఫ్టులో దాదాపు 750 అడుగులు దిగాలి, అక్కడ ఫోన్ సిగ్నల్ ఉండదు. సర్వర్ ఎన్నిసార్లు ఫోన్ చేసినా మాకు వినపడదు. పెట్టె మీద ఎంత నమ్మకమున్నా ఆ రోజు వాణ్ని ట్రెయిలర్‌లో ఉంచలేదు. పైన విజిటర్ సెంటర్ దగ్గర కుక్కల్ని చూసుకునే కెనెల్‌లో డబ్బు కట్టి అప్పగించి, రసీదు జేబులో పెట్టుకుని లిఫ్టు ఎక్కాం.