చెవి మీద వెంట్రుకలు ఎవరి పోలిక?

పోయిన ఆదివారం కంచరపాలెంలో నేనెప్పుడూ వెళ్లే కటింగ్ షాపులో, తల పని అయిపోయాక, అతను కాస్త మొహమాటంగా "చెవులు కూడా తీసేయమంటారా సార్?" అన్నాడు. నాకు వెంటనే అర్థం కాలేదు. చిన్న అద్దం పట్టి చూపించాడు. కుడి చెవి అంచు మీద వరసగా ఏడెనిమిది నల్ల వెంట్రుకలు, అందులో ఒకటి బాగా సాగి ఫ్యాను గాలికి ఊగుతోంది. నలభై నాలుగేళ్లకే! మా నాన్న చెవులు అచ్చం ఇలాగే ఉండేవి, తాతవైతే దువ్వెన పెట్టి దువ్వొచ్చు. అది నూరేళ్ల ఆయుష్షుకి గుర్తని నాయనమ్మ అనేది. తాత అరవై రెండుకే పోయాడు, అది వేరే సంగతి.

ఇంటికొచ్చి మా అమ్మాయికి చెప్పాను. బైపీసీ సెకండియర్. పుస్తకంలోంచి తల కూడా ఎత్తకుండా "హోలాండ్రిక్ నాన్నా, వై క్రోమోజోమ్ మీద ఉంటుంది, తండ్రి నుంచి కొడుక్కే వస్తుంది, నాకు టెన్షన్ లేదు" అంది. నేనూ ఇంటర్లో అదే చదివాను, పరీక్షలో అదే రాశాను.

లెక్క తేలికే. మనకి ఇరవై మూడు జతల క్రోమోజోములు. చివరి జతలో ఆడవాళ్లకి రెండు ఎక్స్‌లు, మగవాళ్లకి ఒక ఎక్స్, ఒక వై. కొడుక్కి ఆ జతలో నాన్న నుంచి వచ్చేది వై ఒక్కటే. కాబట్టి చెవి వెంట్రుకల జన్యువు వై మీద ఉంటే కొడుకులందరికీ రావాలి, ఒక్కడు కూడా తప్పించుకోకూడదు. నాకు పేచీ వచ్చింది అక్కడే. మా అన్నయ్యకి యాభై దాటాయి, చెవులు చంటిపిల్లాడి చెవుల్లా నున్నగా ఉంటాయి. ఇద్దరిదీ ఒకే నాన్న, ఒకే వై. ఇంకో పక్క అనకాపల్లిలో ఉండే మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, ఆయన చెవుల మీద తోటే ఉంది.

ఆ రాత్రి వెతుక్కుంటూ కూర్చుంటే తేలిందేమిటంటే, ఈ పాఠం మన గోదావరి జిల్లాల పక్కకే వెళ్లింది. 1957లో ఇంగ్లండు వదిలి మన దేశానికి వచ్చేసిన జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ దగ్గర పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు అనే కుర్రాడు పరిశోధనకి చేరాడు. 1960లో చెవి వెంట్రుకలు వై ద్వారా వస్తాయని వంశవృక్షంతో సహా పేపరు రాశాడు. (హాల్డేన్ 1964లో భువనేశ్వర్‌లో పోయాక, ఆయన వీలునామా ప్రకారం దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చారు. ఇన్నేళ్లు విశాఖలో ఉండి నాకు ఈ ముక్క తెలీదు.) వంశవృక్షం చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది: తాత, తండ్రి, కొడుకు, గీత గీసినట్టు. కానీ 2004లో దక్షిణ భారతంలో చెవుల మీద వెంట్రుకలున్న మగవాళ్ల వై క్రోమోజోములు పరీక్షిస్తే, అవన్నీ ఒక వంశానికి చెందినవి కావు. రకరకాల వై శాఖలు. ఒకప్పుడు ఒక వై మీద వచ్చిన మార్పే కారణమైతే, వాళ్లంతా ఆ ఒక్క శాఖలోనే దొరకాలి కదా. దాంతో ఆ కథ కూలిపోయింది. పాఠం మాత్రం చాలాకాలం అలాగే నడిచింది.

మరి అన్నయ్యకి రాకుండా నాకెందుకొచ్చింది? ఇక్కడ పేకముక్కలు కలపడం గుర్తు తెచ్చుకోవాలి. అమ్మలో ఉన్న ప్రతి జతలో ఒకటి వాళ్ల నాన్నది, ఒకటి వాళ్లమ్మది. అండంలోకి ఏది దిగుతుందన్నది ఇరవై మూడు సార్లు బొమ్మా బొరుసూ వేసినట్టే, 83,88,608 రకాలుగా పడొచ్చు. నాన్న వైపూ అంతే. అదీ క్రోమోజోములు మొత్తంగా దిగితే వచ్చే లెక్క, నిజానికి దిగే ముందు జతలోవి రెండూ ఒకదానితో ఒకటి ముక్కలు మార్చుకుంటాయి కూడా, అప్పుడిక లెక్కే అందదు. అందుకే అన్నదమ్ములు కలిసేది సగటున సగం మేరకే. జన్యుశాస్త్రానికి పునాది వేసిన మెండెల్ బఠానీల్లో 5,474 గుండ్రటివి, 1,850 ముడతలవి అని మూడుకి ఒకటి పడ్డట్టు మనుషుల్లో అన్నీ పడవు. పోలికల్లో చాలావాటి వెనక ఎన్నో జన్యువులు కలిసి పనిచేస్తాయి. కొన్నయితే, బట్టతల లాగా, మగ హార్మోనూ వయసూ తోడైతే తప్ప పైకి పెద్దగా తేలవు. అలాంటివి ఆడవాళ్లు ఒంట్లో మోసుకొస్తారు, వాళ్ల తల మీద కనబడవు.

విచిత్రమేమిటంటే, వై మాత్రం చివరి కొసలు తప్ప ఎవరితోనూ ముక్కలు మార్చుకోదు. తాత దగ్గరి నుంచి నాదాకా దాదాపు చెక్కుచెదరకుండా వచ్చింది అదొక్కటే. దాన్ని అద్దంలో చూపించమంటే ఏ కటింగ్ షాపువాడూ చూపించలేడు. నేను నాన్న పోలిక అనుకుని కాస్త మురిసిపోయిన ఈ వెంట్రుకలేమో అమ్మ వైపు నుంచి కూడా వచ్చి ఉండొచ్చు.

అనుమానం తీరక పొద్దున్నే అమ్మకి ఫోన్ చేశాను.

"అమ్మా, మీ నాన్నకి చెవుల మీద వెంట్రుకలుండేవా?"

"ఏటిరా పొద్దున్నే!" అని కాసేపు ఆగి, "ఉండీవిరా. పండక్కి ముందు అరుగు మీద కూర్చోబెట్టి నేనే కత్తిరించీదాన్ని. కదిలీవోడు, ఓసారి చెవి తెగింది కూడాను" అంది.