రెండోసారి నొక్కితే అయిపోద్ది

కువైట్‌లో వారం ఆదివారంతో మొదలవుతుంది. సెలవులు శుక్ర, శనివారాలు. ఈ సంగతి మా అత్తగారు ఇప్పటికీ పూర్తిగా నమ్మరు, ఆదివారం ఫోనెత్తకపోతే ఏదో దాస్తున్నాననుకుంటారు. షువైఖ్‌లో ఒక గోడౌన్ల కంపెనీలో సర్వర్లు చూసుకోవడం నా ఉద్యోగం. ఆదివారం పొద్దున్నే స్టోర్‌లో స్టాకు సాఫ్ట్‌వేర్ తెరిచి మొదటి ఎంట్రీ కొట్టగానే ఎర్రర్ వచ్చేది. మళ్ళీ నొక్కితే వెళ్ళిపోయేది. నాకు ముందు ఆ కుర్చీలో ఉన్నతను ఆదివారాలు అందరికన్నా ముందొచ్చి, సర్వీసు ఆపి మళ్ళీ నడిపేవాడు. వెళ్ళిపోతూ దాన్ని కూడా ఒక డ్యూటీగా నాకు అప్పజెప్పాడు. ఎందుకని అడిగితే, "సాఫ్ట్‌వేర్ డాక్యుమెంట్లో ఉన్నదంతా చేశాం, ఇంక ఇంతే" అన్నాడు.

గల్ఫ్‌లో "ఇంక ఇంతే"కి చాలా బలం. ఇకామా, అంటే అక్కడ ఉండనిచ్చే పర్మిట్, కంపెనీ చేతిలో ఉన్నవాడు నడుస్తున్నదాన్ని ఎందుకు కదుపుతాడు? డాక్యుమెంట్ తప్పు అనేవాడికన్నా తెల్లారకుండా వచ్చి రీస్టార్ట్ చేసేవాడే మేనేజరుకి నచ్చుతాడు. నేనూ అలాగే వస్తూ పోయాను.

ఆ స్టాకు సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్‌ది. సర్వర్ జావాలో ఉంటుంది, డేటా మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో. ఖర్చు లేదు కదా అని పాలకొల్లులో మా బావమరిది పనిచేసే రొయ్యల ఫీడ్ షాపులో కూడా నేనే పెట్టించాను. సంక్రాంతికి వచ్చినప్పుడు చించినాడ వంతెన దాటి షాపుకి వెళ్ళేసరికి షావుకారు పాత బాకీ వసూలుకొచ్చినవాడిలా పట్టుకున్నారు.

"అల్లుడుగారూ, మీ కువైట్ బిల్లు బోణీ చెయ్యనివ్వట్లేదండీ!"

రోజూ మొదటి బిల్లు ఫెయిలు. చెరువులో రొయ్యలు తేలుతున్నాయేమోనన్న భయంతో పొద్దున్నే షాపుకి వచ్చిన రైతు ముందు బోణీ బిల్లు ఎర్రర్ కొడితే ఊరుకుంటారా? గుమాస్తా గారు దీనికో ఉపాయం కనిపెట్టారు. షాపు తెరవగానే వినాయకుడి పేరు మీద రూపాయి బిల్లు. అది పోతుంది. తర్వాత అసలు పార్టీ బిల్లు పడుతుంది. "రెండోసారి నొక్కితే అయిపోద్దండి, ఆయ్. మొదటిది స్వామివారికి వదిలేశాం" అన్నారు. కువైట్‌లో మేం చేసే రీస్టార్ట్ కన్నా ఇదే నయం, కనీసం పుణ్యమన్నా వస్తుంది.

అయితే రిజిస్టర్ తిరగేస్తుంటే వినాయకుడి బిల్లులు కొన్ని నిజంగానే పడి, తర్వాత క్యాన్సిల్ చేసి కనిపించాయి. జీఎస్టీ రిటర్నులో క్యాన్సిల్ చేసిన బిల్లుల లెక్క కూడా చూపించాలి కాబట్టి గుమాస్తా గారు వాటిని జాగ్రత్తగానే ఉంచారు. ఆ తేదీలకి ముందు రాత్రులు చూశాను. అన్నీ సీజన్ రాత్రులు. చివరి బిల్లు అర్ధరాత్రి దాటాక, షాపు తెరిచింది ఆరింటికి. మామూలు రోజుల్లో తొమ్మిదింటికే కట్టేస్తారు.

మైఎస్‌క్యూఎల్‌లో వెయిట్ టైమౌట్ అని ఒక సెట్టింగు ఉంది. మనం మార్చకపోతే 28,800 సెకన్లు, అంటే 8 గంటలు. అంతసేపు ఊరికే ఉన్న కనెక్షన్‌ని మైఎస్‌క్యూఎల్ తెంపేస్తుంది. ఆ సంగతి ఇవతలి జావా ప్రోగ్రాముకి తెలియదు. లాకుల దగ్గర లస్కరు తలుపు దించేసినా, బోదెలో నిలిచిన నీళ్ళు చూసి కాలువ వస్తోందనుకునే శివారు రైతులా ఉంటుంది దాని పరిస్థితి. షువైఖ్‌లో రెండు రోజుల సెలవు, పాలకొల్లులో తొమ్మిది గంటల రాత్రి. రోగం ఒక్కటే.

మరి డాక్యుమెంట్ ఏమంది? కనెక్షన్ అడ్రసు చివర ఆటోరీకనెక్ట్ ట్రూ అని చేర్చండి, ఇక తెగే సమస్య ఉండదు అంది. జావా ప్రోగ్రామునీ మైఎస్‌క్యూఎల్‌నీ కలిపే డ్రైవర్ మాన్యువల్ తీసి చదివితే వేరేగా ఉంది. ఆ ఆప్షన్ పెట్టినా, చచ్చిన కనెక్షన్ మీద పంపిన క్వెరీకి, అంటే డేటాబేస్‌కి ఇచ్చే ఆదేశానికి, ఎర్రరే వస్తుంది. తర్వాతి క్వెరీకి ముందు మాత్రమే మళ్ళీ కలుపుతుంది. అంటే రెండోసారి నొక్కితే అయిపోవడం ఆ సలహా ఇచ్చిన ఫలితమే! ఆ కనెక్షన్ అప్పటిదాకా గుర్తుంచుకున్న సెషన్ సంగతులు పోతాయి, డేటాలో తేడాలొస్తాయి, వాడొద్దని కూడా ఆ మాన్యువల్లోనే రాసుంది.

అత్తగారింటి అరుగు మీద కూర్చుని ఆ డాక్యుమెంట్‌కి సవరణ పంపాను. ఆ సాఫ్ట్‌వేర్ చూసుకునేవాళ్ళలో ఒకాయన, "కొన్ని సందర్భాల్లో పనిచేయకపోవచ్చు" అని మారుద్దామన్నాడు. నాకది నచ్చలేదు. ఎనిమిది గంటలు దాటిన ప్రతిసారీ జరిగేదానికి "కొన్ని సందర్భాలు" అనే ముసుగెందుకు? టైమౌట్‌ని 60 సెకన్లకి దించి, కాసేపు ఆగి క్వెరీ కొట్టి, వచ్చిన లాగ్ పంపాను. ఎనిమిది గంటలు కూర్చోనక్కర్లేకుండా ఎవరైనా చేసి చూసుకోవచ్చు. ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆ పేజీలో ఆటోరీకనెక్ట్ లేదు. పూల్‌లో, అంటే తెరిచి ఉంచుకున్న కనెక్షన్ల గుంపులో, కనెక్షన్ ఆయుష్షు మైఎస్‌క్యూఎల్ టైమౌట్ కన్నా తక్కువ పెట్టుకోండి, ప్రోగ్రాముకి ఇచ్చేముందు బతికుందో లేదో చూడండి అని ఉంది.

షాపులో కూడా అలాగే మార్చాం. మర్నాడు గుమాస్తా గారి ఫోను. "బాబూ, స్వామివారి బిల్లు పడిపోతోందండి!"

"ఇక అది మానెయ్యండి."

"బోణీ అండీ, ఎలా మానేస్తాం?"

ఆ విషయం షావుకారుకే వదిలేశాను.

అదే డాక్యుమెంట్లో ఇంకో వాక్యం మా బావమరిది పట్టుకున్నాడు. డేటాబేస్ ఈ మెషీన్లోనే ఉందని చెప్పడానికి లోకల్‌హోస్ట్ అని రాసినా, 127.0.0.1 అని రాసినా ఒకటేనట. వాడు లైనక్స్ మెషీన్లో, అసలు డేటా ఉన్న పోర్టు కాకుండా 3307 పోర్టు మీద టెస్టు కాపీ పెట్టుకుని, పీహెచ్‌పీ రిపోర్టులో లోకల్‌హోస్ట్ అని రాశాడు. "బావా, టెస్టులో అమ్మని సరుకు కనపడుతోందేంటి?" అని నన్నడిగాడు. అక్కడ లోకల్‌హోస్ట్ అంటే పీహెచ్‌పీ పోర్టు నంబరు పక్కనపెట్టి, ఒకే మెషీన్లోని ప్రోగ్రాములు మాట్లాడుకునే సాకెట్ ఫైలు గుండా వెళ్ళిపోతుంది. కాబట్టి వాడు చూస్తున్నది అసలు షాపు డేటా. అదృష్టం, చదివాడే గానీ ఏమీ చెరపలేదు. దీనికీ సవరణ పంపాం. తమ దగ్గర రెండూ ఒకేలా నడుస్తున్నాయని ఎవరో జావా ఆయన అడ్డు చెప్పాడు. నడుస్తాయి మరి, జావా డ్రైవర్ లోకల్‌హోస్ట్ అన్నా పోర్టు మీదుగానే వెళ్తుంది. రెండు లాగ్‌లూ పక్కపక్కన పెట్టి బావమరిది చేతే జవాబు రాయించాను. ఇంకా తేలలేదు.