ఫ్యాన్ల విమానం

"ఆ ఫ్యాన్ల విమానం ఎక్కబాకు అబ్బయా!" సగం వలిచిన చిక్కుడుకాయ చేతిలోనే ఉంది అమ్మకి.

రేపు నెల్లూరు నుంచి రేణిగుంట పోయి, రెక్కలకి ఫ్యాన్లు తిరిగే చిన్న ఫ్లైట్ ఎక్కాలి. ఈ పూటే ఎవరో ఫ్యామిలీ గ్రూపులో తైవాన్‌లోని తైపే విమాన ప్రమాదం వీడియో పెట్టాలా? అదీ ఫ్యాన్ల విమానమే. 2015 ఫిబ్రవరి 4. టేకాఫ్ అయిన కాసేపటికే విమానం పక్కకి ఒరిగి, ఫ్లైఓవర్ మీద టాక్సీని రెక్కతో కొట్టి నదిలో పడింది. 58 మందిలో 43 మంది పోయారు.

"ఒక ఇంజిన్ ఆగినా రెండోదాంతో ఎగరొచ్చమ్మా" అన్నాను.

"మరి అదెందుకు పడింది?"

చెప్పక తప్పలేదు. ఒక ఇంజిన్ పాడైతే, కంగారులో పైలట్ బాగున్న ఇంజిన్‌నే ఆపేశాడు.

అమ్మేమీ అనలేదు. నేనూ అనలేదు. మొన్న పాలు పొంగుతుంటే టెన్షన్‌లో పక్క బర్నర్ కట్టేసింది నేనే మరి.

"సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో బెర్తులున్నాయేమో చూడు" అంటోంది ఇప్పుడు.