నీళ్ళా, గాలా? ప్రాసెసర్ కూలర్ విషయంలో నా అనుభవం

కొత్త కంప్యూటర్ బిగించుకున్న మొదటి రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ప్రాసెసర్ రైజెన్ 9 7900ఎక్స్, 12 కోర్లు, అంటే ఒకేసారి లెక్కలు చేసే 12 భాగాలు. నాది త్రీడీ యానిమేషన్ పని. ఒక్కో సీను రెండర్ అవడానికి, అంటే పూర్తి బొమ్మలుగా తయారవడానికి, అరగంట పడుతుంది, ఒక్కోసారి రాత్రంతా పడుతుంది. మొదటి రెండర్ పెట్టి, ఉష్ణోగ్రత చూపించే ప్రోగ్రామ్ తెరిచాను. పట్టుమని పది సెకన్లు కాకుండానే 95 డిగ్రీలకు వెళ్ళి అక్కడే నిలబడింది. పైన బిగించిందేమీ చిన్న కూలర్ కాదు. వేడిని పైనున్న రేకులకు చేర్చే ఆరు హీట్‌పైపులు, వాటికి గాలి కొట్టే రెండు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు ఉన్న పెద్ద టవర్ కూలర్. రెండర్ ఆపేసి మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ 95.

అంతకుముందు వాడిన ప్రాసెసర్ ఎంత పని పెట్టినా 75 దాటేది కాదు. అందుకే ఈ అంకె చూసి విపరీతమైన టెన్షన్ వచ్చింది.

మొదటి అనుమానం పేస్ట్ మీద, అంటే వేడి బాగా దాటేందుకు ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య రాసే జిగురులాంటి పదార్థం మీద. మర్నాడు కంప్యూటర్‌ను కాసేపు నడిపి, పేస్ట్ మెత్తబడ్డాక ఆపేసి, కూలర్‌ను అటూ ఇటూ కొంచెం తిప్పి తీశాను. ఈ ప్రాసెసర్ మూత అంచుల్లో చిన్న చిన్న గాడులు ఉంటాయి, పేస్ట్ వాటిలోకి దిగిపోతుంది. దూది పుల్లతో శుభ్రం చేయడానికే అరగంట పట్టింది. పేస్ట్ అయితే అంతటా సమంగానే పరుచుకుని ఉంది. కొత్తది రాసి మళ్ళీ బిగించాను. తేడా ఒక్క డిగ్రీ కూడా లేదు.

మా స్నేహితుడొకడు సాఫ్ట్‌వేర్ కంపైల్ పనుల (రాసిన కోడ్‌ను నడిచే ప్రోగ్రామ్‌గా మార్చడం) కోసం ఇదే కుటుంబంలోని 16 కోర్ల 7950ఎక్స్ వాడతాడు. ఫోన్ చేసి చెబితే, "ఒరేయ్, దానికి టవర్ ఏం సరిపోతుంది? 360 లిక్విడ్ పెట్టెయ్" అన్నాడు. ప్రాసెసర్ మీది పంపు నీళ్ళను గొట్టాల గుండా తిప్పితే, మూడు ఫ్యాన్ల రేడియేటర్ వాటిని చల్లబరిచే కూలర్ అన్నమాట. ఇంకేం ఆలోచించలేదు, కొనేశాను.

బిగించడం అనుకున్నంత సులువు కాలేదు. కేబినెట్ పైకప్పు కింద రేడియేటర్ పెడదామంటే ర్యామ్ స్టిక్కుల ఎత్తు అడ్డొచ్చింది. సరే అని కేబినెట్ అడుగున పెట్టాను. కంప్యూటర్ ఆన్ చేయగానే పంపులోంచి గుడగుడమని శబ్దం. అది నా తప్పే. లిక్విడ్ కూలర్‌లో ఎంతో కొంత గాలి ఎప్పుడూ ఉంటుంది, ఏళ్ళు గడిచేకొద్దీ గొట్టాల గోడల గుండా కొంత ద్రవం ఆవిరైపోయి ఆ గాలి ఇంకా పెరుగుతుంది. గాలి ఎప్పుడూ పైకే చేరుతుంది కదా. రేడియేటర్ అడుగున ఉంటే అన్నిటికన్నా ఎత్తైన చోటు పంపే అవుతుంది, గాలి వచ్చి అందులో కూర్చుంటుంది. శబ్దమే కాదు, పంపు ఆయుష్షు కూడా తగ్గుతుంది. రేడియేటర్ పై అంచు పంపుకన్నా ఎత్తులో ఉండాలన్న ఒక్క ముక్క ముందే తెలిసుంటే నాకు ఒక పూట మిగిలేది. అన్నీ విప్పి, రేడియేటర్‌ను కేబినెట్ ముందు భాగానికి మార్చాను. గుడగుడ పోయింది.

ఇక రెండర్. మొదటి నాలుగైదు నిమిషాలు 90 దగ్గర ఆడింది. హమ్మయ్య అనుకున్నాను. నీళ్ళు వేడెక్కేకొద్దీ మెల్లగా పాకుతూ 94కి చేరింది. రాత్రంతా అక్కడే.

ఆ రాత్రి నిజంగా బాధేసింది. అంత డబ్బు పెట్టి, రెండు రోజులు విప్పి బిగిస్తే తగ్గింది ఒక్క డిగ్రీ. ఆ తర్వాతగానీ అసలు లోపల ఏం జరుగుతోందో కుదురుగా చదవలేదు. ఆ చదువేదో కొనకముందే చదవాల్సింది.

ఈ ప్రాసెసర్‌కు పెట్టిన గరిష్ఠ ఉష్ణోగ్రతే 95 డిగ్రీలు. గట్టి పని పడితే అంతవరకూ వెళ్ళి అక్కడ నడిచేలాగే దాన్ని తయారుచేశారు. కూలర్‌లో సత్తా ఇంకా ఉందని కనబడితే ప్రాసెసర్ ఆ సత్తాను తన వేగం కింద మార్చుకుంటుంది, ఇంకొంచెం కరెంటు లాక్కుంటుంది, మళ్ళీ హద్దు దగ్గరికే వస్తుంది. టవర్ ఉన్నప్పుడు అన్ని కోర్లూ 5 గిగాహెర్ట్జ్ వేగం దగ్గర నడిచాయి, లిక్విడ్ పెట్టాక 5.1 దాటాయి. డిగ్రీల అంకె కదలకపోయినా లాభం గిగాహెర్ట్జ్‌లో వచ్చింది. నేను ఒక్క డిగ్రీల అంకెనే చూస్తూ కూర్చున్నాను. అదే సీను టవర్‌తో 38 నిమిషాలు, లిక్విడ్‌తో 37. ఆ ఒక్క నిమిషమే నేను కొనుక్కున్నది.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. ప్రాసెసర్ మూత కింద, కోర్లు ఉన్న సిలికాన్ ముక్కలు రెండే ఉంటాయి, ఒక్కోటి దాదాపు 70 చదరపు మిల్లీమీటర్లు. బొటనవేలి గోరు కన్నా చిన్నవి. ఈ ప్రాసెసర్ 230 వాట్ల వరకు తీసుకోగలదు, అందులో ఎక్కువ భాగం వేడిగా మారేది ఆ రెండు ముక్కల్లోనే. పైగా పాత తరం కూలర్లు కొత్త సాకెట్‌కూ (మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) సరిపోవాలని ఎత్తు అలాగే ఉంచారు, దాంతో మూత మందంగా వచ్చింది. వేడి ముందు అంత చిన్న చోటు నుంచి, అంత మందం దాటి బయటికి రావాలి. ఆ ఇరుకు దాటాక పైన ఉన్నది నీళ్ళైనా, గాలైనా తేడా మనం అనుకున్నంత ఉండదు.

నిజానికి టవర్‌లోనూ నీళ్ళుంటాయి! హీట్‌పైపు అంటే గట్టి రాగి కడ్డీ అనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. అది బోలు గొట్టం. లోపల గాలి తీసేసి కొద్దిగా నీళ్ళు పోసి మూసేస్తారు. వేడి తగిలిన చోట నీళ్ళు ఆవిరై రెండో కొసకు వెళ్ళి, అక్కడ చల్లబడి మళ్ళీ నీళ్ళవుతాయి. దీపం వత్తి నూనెను పీల్చినట్టు, గొట్టం లోపలి పొర ఆ నీళ్ళను మళ్ళీ కిందికి లాక్కొస్తుంది. పంపు లేదు, మోటారు లేదు. అమెరికాలోని లాస్ అలమోస్ పరిశోధనశాలలో జార్జ్ గ్రోవర్ 1963లో దీన్ని తయారుచేసి చూపించాడు. ఇది తెలిశాక నా పాత టవర్‌ను పెట్టెలోంచి తీసి ఇంకోసారి తేరిపార చూశాను.

అప్పుడు అసలు ప్రశ్న వేసుకున్నాను: నాకు ఆ 230 వాట్లు కావాలా? ఇవే 12 కోర్లతో 7900 అని, చివర ఎక్స్ లేని మోడల్ కూడా ఉంది. దాన్ని 65 వాట్ల తరగతిలో, పెట్టెలోనే ఒక చిన్న ఫ్యాన్ కూలర్ పెట్టి మరీ అమ్ముతారు. 12 కోర్లను చిన్న కూలర్ కింద నడపడం సాధ్యమే అని తయారీదారే చెబుతున్నట్టు కదా. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరుచుకునే సెట్టింగుల చోటు, బయోస్‌లోకి వెళ్ళి, కరెంటు తగ్గించే ఎకో మోడ్‌లో 105 వాట్ల ఎంపిక పెట్టాను. పేరుకు 105 అయినా, దాంతో ప్రాసెసర్ తీసుకునే కరెంటు నిజానికి 142 వాట్ల దగ్గర ఆగిపోతుంది. లిక్విడ్ విప్పేసి పాత టవర్ బిగించి, అదే సీను మళ్ళీ పెట్టాను. 40 నిమిషాలు పట్టింది. ఉష్ణోగ్రత 73.

ఆ 73 చూసినప్పటి ఊరట మాటల్లో చెప్పలేను. లిక్విడ్‌తో పోలిస్తే 37కి 40, మూడు నిమిషాలు ఎక్కువ. నా రెండర్లు ఎలాగూ నేను పడుకున్నాక నడిచేవే. బదులుగా గది వేడెక్కడం బాగా తగ్గింది. కూలర్ ఏదైనా ప్రాసెసర్ తీసుకున్న వాట్లన్నీ చివరికి గదిలోకే వస్తాయి కాబట్టి, గది చల్లగా ఉండాలంటే వాట్లే తగ్గాలి. గ్రాఫిక్స్ కార్డు కూడా నాలుగు డిగ్రీలు చల్లబడింది, ముందున్న రేడియేటర్ దాటి వచ్చే వెచ్చటి గాలి ఇప్పుడు దానికి తగలడం లేదు. పంపు సన్నని రొద కూడా పోయింది. పక్క గదిలోకి వినపడేంత శబ్దం కాదుగానీ, రాత్రిపూట ఒక్కడినే కూర్చుంటే అది చెవిలోనే ఉండేది.

లిక్విడ్ కూలర్ దండగ అని మాత్రం అనను. అది ఇప్పుడు మా స్నేహితుడి రెండో కంప్యూటర్‌లో ఉంది. వాడి కేబినెట్ వెడల్పు తక్కువ, 150 మిల్లీమీటర్ల ఎత్తున్న టవర్ పెట్టినా పక్క తలుపు మూసుకోదు. పైకప్పు కింద మాత్రం రేడియేటర్‌కు కావలసినంత చోటుంది. పైగా వాడి కంపైల్ పనులు రెండు మూడు నిమిషాల్లో అయిపోతాయి. నీళ్ళు వేడెక్కడానికి సమయం పడుతుంది కదా, ఆ కాస్త సేపటి వేడిని అవే మింగేస్తాయి, ఫ్యాన్లు గట్టిగా అరిచే అవసరమే రాదు. వాడి తీరు పనికి లిక్విడ్ చక్కగా కుదిరింది. నాలా గంటల తరబడి రెండర్ పెట్టేవాళ్ళకు ఆ వెసులుబాటు మొదటి కొన్ని నిమిషాలకే అయిపోతుంది.

కొత్తగా కొనేవాళ్ళు ఎవరైనా అడిగితే, ముందు ఉన్న కూలర్‌తోనే వాట్లు తగ్గించి ఒక రాత్రి నడిపి చూడమంటున్నాను, పైసా ఖర్చు లేని పని. ఆ తర్వాత టేపు తీసుకుని మదర్‌బోర్డు నుంచి పక్క తలుపు దాకా ఎంత ఖాళీ ఉందో, ర్యామ్ ఎంత ఎత్తుందో కొలవమంటున్నాను.

నా టవర్‌కు మూడు నెలలకోసారి దుమ్ము దులుపుతాను. కంప్యూటర్ ఆపేసి, ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో పట్టుకుని మెత్తటి బ్రష్‌తో రేకుల మధ్య తుడుస్తాను. పోయినసారి దులిపాక 73 కాస్తా 71 అయింది.