ఆటోనగర్ చేతిపని గురించి

టర్బో, అంటే ఇంజన్లోకి గాలిని ఒత్తిడితో తోసే పరికరం, ఎక్కించిన ఓ పాత కారు విజయవాడ నుంచి చెన్నై అంబత్తూరులోని మా షెడ్డుకొచ్చింది. వెనక సీటు లేపి పెట్రోలు పంపు బయటికి తీయగానే మా మేస్త్రి నావైపు తిరిగి, "ఆంధ్రా వేలయా, తంబీ?" (ఆంధ్రా పనా, తమ్ముడూ?) అన్నాడు. కుర్రాళ్లంతా నవ్వారు. నేను విజయవాడ ఆటోనగర్ షెడ్లలో పని నేర్చినవాణ్ణి. ఆ మధ్యాహ్నం అన్నం సహించలేదు.

కారు జబ్బు నిజమే. యాక్సిలరేటర్ నిండా తొక్కితే పెట్రోలు చాలక ఇంజన్ కొట్టుకుంటోంది. లోపల గంటకు 255 లీటర్లు తోసే వాల్‌బ్రో కంపెనీ పంపు ఉంది, కానీ దాన్ని కంపెనీ ఇచ్చిన సన్న వైరు మీదే నడిపారు. మీటరు పెడితే బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు, పంపు దగ్గర 10.9. అంత పెద్ద పంపు ఒత్తిడి పెరిగేకొద్దీ 10 ఆంపియర్ల దాకా లాగుతుంది. వోల్టేజీ దారిలోనే పోతే పంపు పెద్దదైనా తోసేది తక్కువే. ట్యాంకు లోపలి పైపేమో బయట వాడే మామూలు రబ్బరుది. బయటివైపు కూడా పెట్రోల్లో నానేసరికి ఉబ్బి, మెత్తబడింది.

అయినా ఆ పని చేసినాయనకి పని రాదంటే ఒప్పుకోను. పాత కార్బురేటర్ బండ్లలో పెట్రోలు ఒత్తిడి నాలుగైదు పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత). ఆ రబ్బరు పైపు, దాన్ని బిగించే స్క్రూ క్లిప్పు వాటిలో దశాబ్దాలు నిలబడ్డాయి. ఇంజక్షన్ బండికి 43 కావాలి, టర్బో తోసే గాలి ఒత్తిడి ఎంతో అంతా దానికి కలుస్తుంది. అది చెప్పినవాళ్లెవరు? లారీ బాడీలు కంటిచూపుతో కట్టే ఊరు మాది. ఇక్కడ చెన్నైలో అయితే శ్రీపెరుంబుదూరు పక్కన రేస్ ట్రాక్ ఉంది, నేర్పేవాళ్లున్నారు, పుదుపేట బజార్లో అడిగిన బండి సామాను దొరుకుతుంది.

మేస్త్రి పని మాత్రం చూడాలి. నోరు ఎలాంటిదైనా, ఆ చేతికి దణ్ణం పెడతాను. బ్యాటరీ నుంచి నేరుగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు. ఆ వైరు రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని నడిపే స్విచ్చి) 30వ నంబరు పిన్నుకి, 87వ పిన్ను నుంచి పంపుకి. పాత పంపు వైరుని పారేయలేదు, 86కి కట్టాడు. 85 ఎర్త్. ఎందుకంటే ఇంజన్ ఆగిపోతే ఈసీయూ, అంటే ఇంజన్ని నడిపే కంప్యూటర్, ఆ పాత వైరులో కరెంటు తీసేసి పంపుని ఆపేస్తుంది. యాక్సిడెంట్లో పెట్రోలు చిమ్మకుండా కాపాడేది అదే. ఇగ్నిషన్ నుంచి తిన్నగా కరెంటిస్తే ఆ కాపుదల పోతుంది. ఎర్త్ వైరు కూడా అంతే లావు, పెయింటు గీకి ఇనుముకి బిగించాడు. ట్యాంకు లోపలికి పెట్రోల్లో మునిగి ఉండేందుకే చేసిన, 30 ఆర్ 10 అని గుర్తున్న పైపు, చుట్టూ సమంగా పట్టే ఇంజక్షన్ క్లిప్పులు. చివర్న ఇంజన్ నడుస్తుండగా మళ్లీ మీటరు: పంపు దగ్గర 13.5. ఆ అంకె చూశాకే చేతులు కడుక్కున్నాడు.

ఓనర్ దగ్గర విజయవాడ మెకానిక్ నంబరు తీసుకున్నాను. ఫొటోలతో ఇదంతా తెలుగులో రాసి, "అన్నా, నేనూ ఆటోనగర్ వాణ్ణే" అని కింద పెట్టాను. గంటలోపే ఫోన్ చేశాడు. కోపం లేదు, సాకులు చెప్పలేదు. "ఆ పైపు ఇక్కడ ఎవడి దగ్గరా లేదు తమ్ముడూ, నాలుగు మీటర్లు బస్సులో వేస్తావా?" అనడిగాడు. రేపు పొద్దున్నే పుదుపేట వెళ్తున్నాను, క్లిప్పులు కూడా పంపుతాను.