దురద పుట్టకముందే పడవలసిన మాత్ర

దీర్ఘకాలంగా దద్దుర్లతో బాధపడేవారు ఎవరు కనిపించినా, మాత్ర రోజూ ఒకే వేళకు వేసుకుంటున్నారా, దురద పుట్టినప్పుడే వేసుకుంటున్నారా అని అడుగుతాను. నా జబ్బు తగ్గిన తీరులో ఆ తేడాకే పెద్ద పాత్ర ఉందని నమ్ముతున్నాను కనుక ఇది రాస్తున్నాను.

అనంతపురంలో ఎండలు ముదిరే రోజుల్లో మొదలైంది. సాయంత్రం కాగానే నడుము దగ్గర, బెల్టు ఒత్తుకునే చోట, ఎర్రగా ఉబ్బెత్తుగా దద్దుర్లు లేచేవి. తెల్లవారేసరికి అవి మాయమై తొడల మీదో వీపు మీదో కొత్తవి కనిపించేవి. ఒక రాత్రి పైపెదవి వాచిపోయింది. మా అవ్వ "ఒంట్లో పైత్యం చేరిందిలేరా నాయనా, కంబళి కప్పుకొని పండుకో" అనేది. అమ్మ వంకాయ మాన్పించింది, గోంగూర మాన్పించింది, చివరికి చెనిక్కాయల (వేరుశనగ) ఊరిబిండి పచ్చడి కూడా మాన్పించింది. ఈ జిల్లాలో పుట్టినవాడికి అది ఎంత కష్టమో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. తిన్నా మానినా దద్దుర్లు మాత్రం అదే తీరుగా వచ్చాయి.

దగ్గర్లోని క్లినిక్‌లో వేసే సూదితో దురద అణిగేది కానీ, మందు ప్రభావం తీరగానే మళ్లీ మొదలయ్యేది. రాత్రి వేసుకోమని ఇచ్చిన ఎవిల్ అనే పాతతరం అలర్జీ మాత్రతో మరునాడు పదింటి వరకు తల దిమ్ముగా ఉండేది. నేను లెక్కల ఉపాధ్యాయుణ్ణి. రాప్తాడు వైపు పాఠశాలకు జాతీయ రహదారి మీద బండిపై వెళ్లాలి. ఆ మత్తుతో బండి నడపడం దద్దుర్లకంటే ఎక్కువ భయపెట్టింది.

తర్వాత చూపించుకున్న చర్మవైద్యురాలు పెన్నుతో ఒక దద్దు చుట్టూ గీత గీసి, అది అక్కడే ఒక రోజుకు మించి నిలిచిందేమో చూసి చెప్పమన్నారు. అలా నిలిస్తే రక్తనాళాల వాపును అనుమానించాలట. నాది కొన్ని గంటల్లోనే పోయింది. ఆరు వారాలు దాటినా రోజూ వస్తున్నాయి కనుక ఇది దీర్ఘకాలిక అర్టికేరియా (దద్దుర్ల జబ్బు) అని, దీనికి ఆహారం కారణం కావడం చాలా అరుదని, ఖరీదైన అలర్జీ పరీక్షల జాబితా అవసరం లేదని చెప్పారు. మామూలు రక్తపరీక్షతో పాటు థైరాయిడ్ యాంటీబాడీలు, మొత్తం ఐజీఈ (అలర్జీతో సంబంధమున్న ఒక యాంటీబాడీ) మాత్రం చూశారు. చాలామందిలో శరీరం తన మీద తానే తయారుచేసుకున్న యాంటీబాడీలు చర్మంలోని మాస్ట్ అనే రక్షణ కణాలను రెచ్చగొట్టి, దురదనూ వాపునూ పుట్టించే రసాయనమైన హిస్టమిన్‌ను విడుదల చేయిస్తాయని ఆమె వివరించాక, వంకాయ మీద నింద తొలగిపోయింది.

ఆమె రాసినది హిస్టమిన్ పనిని అడ్డుకునే ఫెక్సోఫెనడిన్ మాత్ర, 180 మిల్లీగ్రాములు. దాని వెనుక చరిత్రను ఆసక్తితో చదివాను. పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో డానియెల్ బోవే, అన్-మరీ స్టాబ్ 1937లో హిస్టమిన్‌ను అడ్డుకునే తొలి పదార్థాన్ని గుర్తించారు. అది మనుషులకు ఇవ్వలేనంత విషపూరితం. రోగులకు పనికొచ్చే మందు 1942లో వచ్చింది, బోవేకు 1957లో నోబెల్ బహుమతి దక్కింది. ఆ తొలితరం మందులు మెదడులోకి చొరబడతాయి. మనల్ని మెలకువగా ఉంచే పనిలో మెదడులోని హిస్టమిన్‌కూ పాత్ర ఉంది కనుకనే ఎవిల్ వంటివి నిద్ర తెప్పిస్తాయి. తర్వాత మత్తు కలిగించని రెండవతరం మందుగా టెర్ఫెనడిన్ వచ్చింది కానీ, కొందరిలో గుండె లయను ప్రమాదకరంగా దెబ్బతీయడంతో 1990లలో అమెరికా మార్కెట్ నుంచి తొలగించారు. శరీరం టెర్ఫెనడిన్‌ను మార్చగా ఏర్పడేదే ఫెక్సోఫెనడిన్. దానికి ఆ ప్రమాదం లేదు, మెదడులోకి దాదాపు వెళ్లదు.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించిన సంగతి వేరు. హిస్టమిన్ వచ్చి తగలకపోయినా, కణాల మీద అది అతుక్కునే చోట్లయిన గ్రాహకాలలో కొన్ని వాటంతటవే చురుకుగా ఉంటాయని, ఈ మందులు వాటిని నిద్రాణ స్థితిలో పట్టి ఉంచుతాయని పరిశోధకులు తేల్చారు. పైగా మాత్ర మింగాక రక్తంలో మందు గరిష్ఠ స్థాయికి చేరడానికి రెండు మూడు గంటలు పడుతుంది. దద్దు లేచాక మింగితే, హిస్టమిన్ అప్పటికే తన పని చేసేసి ఉంటుంది. ఈ వివరం తెలిశాక ఉదయాన్నే మాత్ర వేసుకోవడం నాకు పట్టుదల అయింది. మాత్రను మంచినీళ్లతోనే మింగమన్నారు. నారింజ జాతి పండ్ల రసాలు ఫెక్సోఫెనడిన్‌ను పేగులు గ్రహించకుండా తగ్గిస్తాయి కనుక, చీనీ (బత్తాయి) తోటల సీమలో ఈ హెచ్చరిక అందరికీ చేరాలి.

ఒక్క మాత్రతో సగమే తగ్గింది. అంతర్జాతీయ మార్గదర్శకాలు రెండవతరం మందుల మోతాదును వైద్యుల పర్యవేక్షణలో నాలుగు రెట్ల వరకు పెంచవచ్చంటాయి. నాకు రెండు రెట్లు సరిపోయింది. కొందరిలో దద్దుర్లను పెంచే ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ మాన్పించారు. ఒళ్లు పూర్తిగా తేరుకున్నాక కూడా వెంటనే ఆపనివ్వక, కొన్ని నెలలపాటు మెల్లగా తగ్గించుకుంటూ వచ్చారు. ఇప్పుడు మాత్ర లేకుండానే ఉన్నాను, ఊరిబిండి తింటున్నాను.

నాలుగు రెట్ల మోతాదుకూ లొంగని వారికి నాలుగు వారాలకొకసారి చర్మం కింద ఇచ్చే ఒమాలిజుమాబ్ సూది ఉంది. అది మామూలు కుటుంబం భరించలేనంత ఖరీదు కనుక, చౌకగా దొరికే మాత్రను సరైన మోతాదులో, సరైన వేళకు వాడి చూడకముందే ఎవరినీ ఆ దారి పట్టించకూడదని నా అభిప్రాయం. నాలుక, గొంతు వాచి ఊపిరి ఆడకపోతే మాత్రం ఈ మాత్రల కోసం వెతకవద్దు. అప్పుడు కావలసింది తొడ కండరంలో వేసే అడ్రినలిన్ సూది, అది ఉన్న ఆసుపత్రికి వెంటనే చేరాలి.