ఓడలో మొదటి బంతి

“అమ్మా, మొదటి బంతా, రెండో బంతా? తొందరగా చెప్పు, పేజీ పోతుంది” అని మా అమ్మాయి ఫోన్‌లో అడిగితే ఎవరిదో పెళ్ళి కుదిరిందనుకున్నాను. తీరా చూస్తే ఓడ సంగతి. జూన్‌లో మేం సియాటిల్ వెళ్ళినప్పుడు అందరం కలిసి అలాస్కా క్రూజ్‌కి వెళ్ళాలని అల్లుడు గారు అనుకున్నారట. ఏడు రాత్రులు. ఫిబ్రవరిలోనే టికెట్లు తీస్తున్నారు. విజయనగరంలో మా వంటింట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీసుకుంటూ, అలాస్కాలో ఎన్ని గంటలకి అన్నం తింటానో నేను చెప్పాలి.

ఓడలో రెండు మూడు వేల మంది ఉంటారు. అందరూ ఒకేసారి కూర్చునేంత చోటు ఉండదు కాబట్టి, పెద్ద డైనింగ్ హాల్లో రాత్రి భోజనం రెండు విడతలుగా పెడతారు. మా ఓడలో మొదటిది అయిదున్నరకి, రెండోది ఎనిమిదింటికి. ఒకసారి చెప్పేస్తే వారమంతా అదే టైము, అదే టేబులు, అదే వెయిటరు. ఈ కట్టుబాటు వద్దనుకున్నవాళ్ళు నచ్చిన టైముకి వెళ్ళి, టేబులు ఖాళీ అయ్యేదాకా ఆగి తినొచ్చు. ఇవన్నీ కాక పైఅంతస్తులో బఫే ఎలాగూ ఉంటుంది.

“మొదటి బంతే పెట్టు” అన్నాను. రెండో బంతి కష్టాలు నాకు తెలుసు. వంకాయ కూర అడుగుకొచ్చేస్తుంది, సాంబారు పల్చనవుతుంది, గారె ఒక్కటే వేసి వెళ్ళిపోతారు. ఓడలో అలాంటి బాధ లేదని, ఏ బంతికైనా అన్నీ ఉంటాయని వెళ్ళాక తెలిసింది. అక్కడి ఇబ్బంది కూరలతో కాదు, గడియారంతో.

మా వారికి పద్నాలుగేళ్ళుగా సుగరు. రాత్రి భోజనానికి ముందు ఒక టాబ్లెట్ ఉంది. ఇంట్లో ఏడున్నరకి ఆయన టాబ్లెట్ వేసుకుంటారు, ఏడు నలభై అయిదుకి నేను కంచం పెడతాను. ఎన్నో ఏళ్ళుగా ఇదే వరస కాబట్టి, టాబ్లెట్‌కి ఏడున్నరే ముహూర్తం అన్నట్టు ఆయనకి స్థిరపడిపోయింది. మరి అయిదున్నరకి తింటే ఎలా అని అడిగితే, “అయిదున్నరకే వేసుకుంటానులే, అదేం పెద్ద విషయం” అన్నారు. మొదటి రెండు రోజులూ నిజంగానే పెద్ద విషయం కాలేదు. మా టేబులు చూసే వెయిటరు కేరళ కుర్రాడు. ముందు రోజు రాత్రి చెప్పి పెడితే మర్నాడు పప్పు, అన్నం, ఏదో ఒక కూర చేయించి తెచ్చేవాడు. నీళ్ళలో ఐసు వద్దని ఒక్కసారే చెప్పాను, మళ్ళీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

మూడో రోజు జూనో. అలాస్కాకి రాజధాని అట, కానీ బయటి నుంచి ఆ ఊరికి రోడ్డు లేదు. ఓడలోనో విమానంలోనో రావాల్సిందే. మా ఓడ మధ్యాహ్నం ఒంటిగంటకి చేరింది, రాత్రి పదింటికి బయల్దేరుతుంది. తిమింగలాలు చూపించే పడవకి అల్లుడు గారు మూడున్నరకి టికెట్లు తీశారు. మూడున్నర గంటల ట్రిప్పు. ఓడవాళ్ళ దగ్గర తీసుకుంటే ఆలస్యమైనా ఓడ మన కోసం ఆగుతుంది, బయట తీసుకుంటే ఆగదు, అని ఆయనా అమ్మాయీ చాలాసేపు వాదించుకుని చివరికి చవకగా ఉందని బయటే తీశారు. పదింటిదాకా టైముంది కాబట్టి ఓడ తప్పిపోతుందన్న టెన్షన్ లేదు. అయిదున్నర భోజనం సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. ఫిబ్రవరిలో భోజనం టైము, ఏప్రిల్‌లో పడవ టికెట్టు తీసుకున్నాం. రెండూ ఒక కాగితం మీద పక్కపక్కన రాసుకుని ఉంటే అప్పుడే కనబడేది. ఇంటి పద్దు పుస్తకంలో పాలవాడి లెక్క కూడా రాసే నేను, ఇది రాయలేదు.

పడవ ఎక్కే చోటు ఆక్ బే. ఓడ ఆగిన చోటు నుంచి ఇరవై కిలోమీటర్ల దాకా బస్సులో వెళ్ళాలి. తిమింగలాలు కనబడ్డాయి, ఒకటి కాదు, ఆరో ఏడో. ఇవి చలికాలం హవాయి వైపు వెళ్ళి, అక్కడ ఉన్నన్నాళ్ళూ దాదాపు ఏమీ తినవని, తిండంతా ఎండాకాలంలో ఇక్కడే తింటాయని పడవలో అమ్మాయి చెప్పింది. “మంచి పద్ధతి, వంట చేసే మనిషికి ఆరు నెలలు సెలవు” అన్నాను. మా వారు నవ్వలేదు. చేతి గడియారం చూసుకుంటున్నారు.

ఆ గడియారమే కొంప ముంచింది. అలాస్కా టైము సియాటిల్ కంటే గంట వెనక. ముందు రోజు రాత్రి ఓడలో అందరినీ గడియారాలు గంట వెనక్కి తిప్పుకోమన్నారు. ఫోన్లు వాటంతటవే మారాయి, ఈయన వాచీ మారలేదు. వాచీలో ఏడున్నర కాగానే, అంటే అక్కడ ఆరున్నరకి, ఆయన జేబులోంచి టాబ్లెట్ తీసి వేసేసుకున్నారు. మేమింకా నీళ్ళ మీదే ఉన్నాం. ఆకాశం చూస్తే మధ్యాహ్నంలా ఉంది, జూన్‌లో అక్కడ పదింటి దాకా పొద్దుంటుంది. టైము ఎంతయిందో ఒంటికి తెలిసే వీలే లేదు.

పడవ దిగేసరికి ఏడు దాటింది. బస్సు కోసం పావుగంట. బస్సులో కూర్చున్నాక ఆయన మాట తడబడింది. చూస్తే నుదుటి మీద చెమట, ఆ చలిలో. చేతులు వణుకుతున్నాయి. టాబ్లెట్ వేసుకుని ఏమీ తినకపోయేసరికి సుగరు పడిపోయింది. నా సంచిలో ఉన్నది పలాస జీడిపప్పు ప్యాకెట్టు, గబగబా నోట్లో పెట్టాను. ఓడలోంచి పళ్ళు, శాండ్‌విచ్‌లు బయటికి తీసుకెళ్ళనివ్వరని ప్యాకెట్లే సర్దుకున్నాం. జీడిపప్పు పనిచేయలేదు. మనవడి జ్యూస్ డబ్బా పనిచేసింది. నాలుగేళ్ళ పిల్లాడు తాగుతున్న డబ్బా మా అమ్మాయి లాక్కుని వాళ్ళ నాన్నకి తాగించింది, వాడు బస్సంతా వినబడేలా ఏడ్చాడు. పది పదిహేను నిమిషాలకి ఆయన తేరుకుని, “పిల్లాడిని ఎందుకే ఏడిపించారు?” అన్నారు. సుగరు పడిపోయినప్పుడు నూనె గింజలు కాదు, వెంటనే ఎక్కే తీపి కావాలని ఇంటికొచ్చాక మా డాక్టరు గారు చెప్పారు.

ఓడ మెట్ల దగ్గర కార్డు చూపించి, సంచులు మిషన్‌లో పెట్టి లోపలికి వచ్చేసరికి ఎనిమిదింబావు. మా బంతి ఎప్పుడో లేచిపోయింది. బఫేలో అన్నం, ఉడకబెట్టిన కూరగాయలు, పెరుగు దొరికాయి. సంచిలో ఉన్న ఊరగాయ వేసుకుని తిన్నాం. నిజం చెప్పాలంటే ఆ వారంలో నాకు బాగా నచ్చిన భోజనం అదే.

మర్నాడు పొద్దున్నే నేనూ అమ్మాయీ డైనింగ్ హాలు పెద్ద వెయిటరు దగ్గరికి వెళ్ళాం. ఆయన ఓపిగ్గా విన్నారు. రెండో బంతికి మారాలంటే టేబులు ఖాళీ ఉండాలి, అలాంటివి ఓడ ఎక్కిన రోజే అడగాలి, ఇప్పుడు నిండిపోయాయి అన్నారు. నచ్చిన టైముకి వచ్చే పద్ధతికి ఇప్పుడే మార్చేస్తాను, కానీ అది వేరే హాలు, వెయిటరు మారతాడు అన్నారు. నాకు మనసొప్పలేదు. పప్పు మళ్ళీ మొదటి నుంచి ఎవరికి చెప్పుకోను? చివరికి ఆయనే ఒక దారి చెప్పారు. బంతి అలాగే ఉంచండి, ఆలస్యమయ్యే రోజు మాత్రం ముందు రోజే మీ వెయిటరుకి చెప్పేసి బఫేకి వెళ్ళండి, ఇక్కడ రానందుకు ఎవరూ ఏమీ అనుకోరు. ఇంత సులువైన మాట మాకెందుకు తట్టలేదో. పెళ్ళి భోజనానికి పిలిస్తే వెళ్ళకపోతే తప్పు అనే అలవాటు కాబోలు.

తర్వాత ఓడ ఆగిన ఊరు స్కాగ్‌వేలో పొద్దుటి రైలు కాబట్టి గొడవే లేదు. 1898లో బంగారం కోసం ఎగబడ్డ జనం కోసం మొదలుపెట్టి 1900లో పూర్తి చేసిన చిన్న గేజి రైలు అది, కొండ అంచున పాకుతూ వెళ్తుంది. మా పుట్టిల్లు టెక్కలి. అప్పట్లో నౌపడ నుంచి పర్లాకిమిడి పోయిన చిన్న రైలు కూడా 1900లోదే, చిన్నప్పుడు ఎన్నిసార్లు ఎక్కానో. ఇక్కడ ఆ మాట ఎవరికి చెప్పినా వింతగా చూస్తారని మనవడికి చెప్పాను. కెచికన్‌లో వాన, మధ్యాహ్నానికే ఓడెక్కేశాం.

చివరి రాత్రి విక్టోరియా, కెనడాలో. దీనికోసం అమెరికా వీసా మీద కెనడా వీసా కూడా తీసుకోవాల్సి వచ్చింది. విదేశీ జెండా ఉన్న ఓడ అమెరికా రేవులో ఎక్కించుకున్నవాళ్ళని మళ్ళీ అమెరికాలో దింపాలంటే మధ్యలో వేరే దేశం తాకాలని 1886 నాటి చట్టం ఉందట. అందుకే చాలా ఓడలు చివర్లో సాయంత్రం పూట విక్టోరియాలో కాసేపు ఆగుతాయి. మాది ఎనిమిదింటికి ఆగి అర్ధరాత్రి కదిలింది. ఎనిమిదింబావుకి బుచార్ట్ గార్డెన్స్‌కి బస్సు. సున్నపురాయి తవ్వి వదిలేసిన గోతిలో ఒక ఇల్లాలు పెంచిన తోట, రాత్రి దీపాల్లో చూపిస్తారు.

ఆ రోజు మాత్రం మొదటి బంతి వాళ్ళదే రాజ్యం. ఎనిమిదింటి వాళ్ళు తోటా భోజనమా తేల్చుకోలేక లిఫ్టు దగ్గర వాదించుకుంటుంటే నేను కాస్త గర్వంగానే నడిచాను. కాకపోతే ఆ రోజే గడియారాలు మళ్ళీ గంట ముందుకి తిప్పారు. అయిదున్నర అంటే కడుపుకి నాలుగున్నర. ఎవరికీ ఆకలి లేదు. వెయిటరు కుర్రాడు ఆఖరి రోజని ప్రేమగా పప్పు, వంకాయ కూర తెచ్చాడు. మా వారు టాబ్లెట్ తీసి కంచం పక్కన పెట్టుకుని, “నాలుగు ముద్దలు పోతాయంటావా?” అని నన్నడిగారు. పోతాయన్నాను. మూడో ముద్ద దాకా చూసి అప్పుడు వేసుకోమన్నాను. తోటకి వెళ్ళేటప్పుడు సంచిలో రెండు జ్యూస్ డబ్బాలు, మనవడి చేతిలో ఇంకోటి.

తిరిగొచ్చాక సుగరు మాత్రల సంగతి డాక్టరు గారికి చెబితే, “గడియారం చూసి కాదండీ, కంచం చూసి వేసుకోవాలి” అన్నారు. శ్రావణంలో మా ఆడపడుచు గారి మనవరాలి పెళ్ళి, గంటస్తంభం దగ్గర కల్యాణ మండపం. మొదటి బంతికి రమ్మని పిలిచారు, కూర్చున్నాం. ఆకులు వేసి, నీళ్ళు పోసి, అరగంట దాకా ఎవరూ రాలేదు. మా వారు జేబులో చెయ్యి పెట్టుకుని, వడ్డించేవాడు బకెట్‌తో ఏ వరసలోకి వస్తాడా అని చూస్తూ కూర్చున్నారు.